రివర్స్ గేర్ కెప్టెన్

భయం వేసినప్పుడు గడ్డం గీసుకోవడం కెప్టెన్‌కి అలవాటు. ఆ ఉదయం అప్పటికే రెండుసార్లు గీశాడు. రెండోసారి గీయడానికి అక్కడేముంది పాపం, తోలు తప్ప! చుబుకం కింద తెగి రక్తం కారింది. తువ్వాలు అదిమిపెట్టుకుని కేబిన్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. లంగరు వేసిన ఓడ నీళ్ల మీద మెల్లగా ఊగుతోంది. దూరంగా పోర్టు క్రేన్లు కనిపిస్తున్నాయి. వాటి వెనక నల్లగా పొగ లేస్తోంది. నిన్న సాయంత్రం ఆ పొగ లేదు.

తలుపు కొట్టకుండా లోపలికి రాగలిగేది ఓడ మొత్తం మీద ఒక్కడే, చీఫ్ ఇంజనీరు. కెప్టెన్‌కి సొంత అక్క మొగుడు. నలుగురిలో ఉంటే "చిత్తం కెప్టెన్ గారూ" అంటాడు గానీ, గదిలో అడుగుపెడితే మాత్రం అచ్చంగా బావే.

"ఎవరికి చూపించుకోవడానికిరా ఈ సింగారం?" అన్నాడు మంచం మీద కూలబడుతూ.

"నీకు వేళాకోళంగా ఉంది బావా."

"వేళాకోళం కాదురా, ఇదిగో చూడు." చేతులు రెండూ చాచాడు. గ్రీజు ఇంకిపోయిన ఆ మొరటు వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. "పొద్దున్నించీ ఇదే వరస. టీ కప్పు పట్టుకుంటే సాసర్ టకటకా వాయిస్తోంది. పొగ చూశావా?"

"చూశాను."

"లోపలికి వెళ్తున్నామా?"

కెప్టెన్ తువ్వాలు మడత మార్చి మళ్లీ అదుముకున్నాడు. ఓడెక్కే ముందు అక్క ఫోన్లో అన్న మాట చెవుల్లో గింగురుమంటోంది. "మీ బావని నీ చేతుల్లో పెడుతున్నాను. మళ్లీ తెచ్చి నా చేతుల్లో పెట్టే పూచీ నీదే. లేదంటే నీ మొహం నాకు చూపించకు" అంది. సగం నవ్వుతూనే అంది. నవ్వని ఆ మిగతా సగమే ఇప్పుడు మెడకి చుట్టుకుంది.

సంగతేమిటో చెబుతాను వినండి. ఓడ ఒకళ్లది. దాన్ని అద్దెకు తీసుకున్న కంపెనీ ఇంకొకళ్లది. ఫలానా పోర్టుకి వెళ్లు, ఫలానా సరుకు నింపుకో అని చెప్పే అధికారం ఆ అద్దె కంపెనీది. అలాగని ఓడని నిప్పుల్లోకి తోలడానికి వాళ్లకి హక్కు లేదు. వాళ్లు చూపించే పోర్టుకి ఓడ క్షేమంగా వెళ్లగలగాలి, అక్కడ క్షేమంగా ఉండగలగాలి, క్షేమంగా బయటికి రాగలగాలి. చెప్పిన రోజున బాగుండి ఆ తర్వాత చెడితే, వాళ్లే ఇంకో పోర్టు పేరు చెప్పాలి. అక్కడికి వెళ్తే ప్రాణాల మీదికొస్తుందని కెప్టెన్ మనస్ఫూర్తిగా నమ్మితే, వెళ్లనని చెప్పే హక్కు ఆయనకుంది. ఒప్పందంలో ఇవన్నీ శుభ్రంగా రాసే ఉంటాయండీ. నోరు తెరిచి చెప్పాల్సొచ్చేసరికి మాత్రం అందరికీ గొంతు పట్టేస్తుంది.

ఈ పోర్టు పేరు చెప్పిన రోజున అంతా సవ్యంగానే ఉంది. యుద్ధం ఎక్కడో కొండల అవతల. ఖాళీ ఓడతో వెళ్లి గోధుమలు నింపుకు రావాలి. "సరే, బయల్దేరుతున్నాం" అని కెప్టెన్ జవాబు పంపేశాడు. ముందు సరే అనేయడం, తర్వాత తీరిగ్గా భయపడటం ఈ వృత్తిలో అందరికీ ఉన్న జబ్బే. ఓడ దారిలో ఉండగానే యుద్ధం కొండలు దిగొచ్చింది.

అప్పట్నించీ మొదలైంది తమాషా. సొంత ఆఫీసు, అంటే ఓడ యజమాని తరఫు పెద్దాయన ఫోన్ చేసి, "నిర్ణయం పూర్తిగా మీదే కెప్టెన్. మీరు వద్దంటే మేం మీ వెనకే ఉంటాం. కాకపోతే గట్టి ఆధారం ఉండాలి సుమా" అన్నాడు. "మీరేమంటారు సార్?" అని తిరిగి అడిగితే నీళ్లు నమిలాడు. అద్దె కంపెనీ మేనేజరు మాత్రం నమలలేదు. "నిన్న కూడా ఓ ఓడ బయటికొచ్చింది. పోర్టు తెరిచే ఉంది. మీరు సరే అన్నారు కూడా. ఇప్పుడు మాట మారిస్తే ఎలా?" అని కడిగేశాడు. ఇద్దరూ చల్లటి గదుల్లో కూర్చున్నవాళ్లే. కుర్చీ జారితే నడుం పట్టేయడం తప్ప వాళ్లకొచ్చే ప్రమాదం ఇంకేమీ లేదు.

మరి కెప్టెన్ గట్టిగా కాదనొచ్చుగా అంటారా? అనొచ్చు. కానీ ఆయన ఒకసారి అని, బాగా అనుభవించాడు. కొన్నేళ్ల కిందట ఇలాగే ఒక పోర్టు బయట పేలుళ్లు విని ఓడని వెనక్కి తిప్పేశాడు. తీరా చూస్తే అక్కడెవరో కొండరాళ్లు పేలుస్తున్నారట! వెనకాలే వచ్చిన ఓడ లోపలికెళ్లి, సరుకు దింపుకుని, నిక్షేపంలా బయటికొచ్చింది. ఇంకేముంది, ఆఫీసులో ఆయనకి "రివర్స్ గేర్" అని పేరు పడిపోయింది. చాలాకాలం ఏ ఓడా ఇవ్వలేదు. ఇంట్లో ఉంటే కూరగాయల కొట్టువాడు కూడా "ఈసారి సెలవు బాగా ఎక్కువిచ్చారే సార్!" అనేవాడు. ఆ పేరు ఇంకోసారి వినడం కన్నా చావడం నయమనుకునేవాడు కెప్టెన్. అలా అనుకోవడం తేలికే, పొగ కనబడనంతవరకూ.

అందుకే "పొద్దున పైలట్ వస్తున్నాడు" అని పోర్టు నించి కబురు రాగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది. పైలట్ అంటే విమానం నడిపేవాడు కాదు. ప్రతి పోర్టులోనూ అక్కడి నీళ్ల లోతుపాతులు తెలిసిన మనిషి ఉంటాడు. చిన్న బోటులో ఎదురొచ్చి, తాళ్ల నిచ్చెన మీదుగా ఓడెక్కి, దారి చూపిస్తూ లోపలికి తీసుకెళ్తాడు. తిరుగు ప్రయాణంలో బయటిదాకా తెచ్చి, మళ్లీ తన బోటులోకి దిగిపోతాడు.

"పైలట్ వస్తున్నాడంటే పోర్టు బాగున్నట్టే కదా బావా" అన్నాడు కెప్టెన్, తువ్వాలు తీసి చూసుకుంటూ. "బాగోకపోతే అతనెందుకొస్తాడు? అతనికి మాత్రం ప్రాణం తీపి కాదా?"

"అంతేనంటావా?"

"అంతే."

"అయితే ఇంకోసారి గట్టిగా చెప్పు. నా చేతులు వినలేదు" అని బావ లేచి ఇంజన్ గదిలోకి దిగిపోయాడు.

కెప్టెన్ పైకెక్కి బ్రిడ్జిలోకొచ్చాడు. ఓడని నడిపే గది అదే, చుట్టూ అద్దాలు. పైలట్ బోటు నురగలు కక్కుతూ వచ్చి ఓడ పక్కకి చేరింది. నిచ్చెన దగ్గరున్న చీఫ్ ఆఫీసర్, కెప్టెన్ తర్వాతివాడు, వాకీటాకీలో, "సార్, పైలట్ ఎక్కుతున్నాడు" అన్నాడు. కాస్త ఆగి, "సార్, ఒకరు కాదు, ఇద్దరు. రెండో మనిషి ఆడమనిషి సార్" అన్నాడు.

కెప్టెన్ బయటికి వంగి చూశాడు. ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుని, మెట్టు మెట్టుకీ కాలితో తడుముకుంటూ ఎక్కుతోంది. కింద బోటువాడు రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు, పడితే పట్టుకుందామని. అంత ఎండలో ఆవిడ ఒంటి మీద స్వెట్టర్లున్నాయి.

పైలట్ బ్రిడ్జిలోకి వచ్చాడు. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చేసిన చొక్కా, నిద్రలేని కళ్లు.

"లంగరు ఎత్తించండి కెప్టెన్ గారూ. ఇంజన్ సిద్ధమేనా?"

"ఆవిడెవరండీ?"

"నా భార్య. ఓడ చూస్తానంటే తీసుకొచ్చాను. ఓ మూల కూర్చుంటుంది, మీకేమీ ఇబ్బంది ఉండదు."

"మీరీ ఉద్యోగంలో జుట్టు నెరిసేదాకా ఉన్నారు. ఇన్నాళ్లూ లేని సరదా ఆవిడకి ఇవాళే పుట్టిందా?"

పైలట్ బైనాక్యులర్స్ తీసుకుని, చూడ్డానికేమీ లేని వైపు చూడసాగాడు. అంతలో లోపలి ఫోన్ మోగింది. కింద భోజనాల గది నించి బావ.

"ఒరే, ఈవిడకి మంచినీళ్లిద్దామని వచ్చాను" అన్నాడు గొంతు తగ్గించి. "ఒకదాని మీద ఒకటి మూడు జతల బట్టలు తొడుక్కుంది. హ్యాండ్‌బ్యాగ్ తెరిచి ఫోన్ కోసం వెతికితే టీవీ రిమోట్ బయటికొచ్చింది. కంగారులో ఫోన్ అనుకుని దాన్ని బ్యాగులో వేసుకొచ్చిందట. దాన్ని చూసి నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియట్లేదు. ఓడ చూడ్డానికొచ్చిన మనిషి కాదురా ఈవిడ. ఇల్లు వదిలేసి వచ్చిన మనిషి."

కెప్టెన్ ఫోన్ పెట్టేశాడు. పైలట్ భుజం మీద చెయ్యేసి బ్రిడ్జి పక్కనున్న వసారాలోకి తీసుకెళ్లి తలుపు మూశాడు. గాలి హోరుమంటోంది. అక్కడేం మాట్లాడుకున్నా మూడో మనిషికి వినబడదు.

"ఇప్పుడు చెప్పండి. మీ పోర్టు బాగుందా?"

"పోర్టు తెరిచే ఉంది."

"నేనడిగింది అది కాదు. లోపలికి మీరు తీసుకెళ్తారు, సరే. బయటికెలా వస్తాం?"

పైలట్ కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత గబగబా చెప్పేశాడు, ఎన్నాళ్లనించో గొంతులో అడ్డం పడినదేదో బయటికొచ్చినట్టు. ఓడ ఖాళీగా ఉంది కాబట్టి లోపలికి లాగడానికి ఒక్క టగ్గు పడవ చాలు. గోధుమలు నిండి బరువెక్కాక ఆ ఇరుకులో ఓడని తిప్పాలంటే అలాంటి టగ్గులు మూడు కావాలి. ఉన్నది ఒక్కటే. మిగతా రెండింటి వాళ్లూ పడవలతో సహా పారిపోయారు. అప్పటికే రెండు ఓడలు నిండి, కదల్లేక లోపల కూర్చున్నాయి. సముద్రానికి పెద్ద పోటు వచ్చి నీళ్లు పెరిగినప్పుడు ఆ ఒక్క టగ్గుతోనే, దేవుడి మీద భారం వేసి, ఒక్కొక్కదాన్నీ బయటికి తేవాలి.

"మరి మా వంతు?"

"మీ వంతు వచ్చేదాకా ఆ టగ్గు ఉండదండీ. పోర్టే ఉండదేమో."

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా!" కెప్టెన్‌కి ఒళ్లు మండిపోయింది. "లంగరు ఎత్తమని ఎలా అన్నారు? నా ఓడలో ఇంతమంది ఉన్నారు!"

"చెబితే నన్ను పట్టుకెళ్తారు. పోర్టు బాగాలేదన్న గుమాస్తాని మొన్న ఆఫీసులోంచే తీసుకెళ్లారు, ఇంతవరకూ ఇంటికి రాలేదు. అందుకే నోటితో చెప్పకుండా నా భార్యని ఎక్కించాను. చూసి మీరే అర్థం చేసుకుంటారని."

"అర్థం చేసుకోకపోతే?"

పైలట్ తల వంచుకున్నాడు. "చేసుకుంటారని నమ్మాను. మీ గురించి లోపలి ఓడల్లో చెప్పుకుని నవ్వుకుంటున్నారు, రివర్స్ గేర్ కెప్టెన్ వస్తున్నాడని. ఏమీ అనుకోకండి. ఆ పేరు విన్నాకే నాకు ధైర్యం వచ్చింది. వేరే కెప్టెన్ ఎవరైనా మొహమాటానికి లోపలికొచ్చేస్తాడు, ఈయనైతే వెనక్కి తిప్పుతాడు అనుకున్నాను."

కెప్టెన్ చుబుకం కింది గాటు తడుముకున్నాడు. 

"అయితే ఆవిడతో పాటు మీరూ ఇక్కడే ఉండిపోండి" అన్నాడు చివరికి. "బోటుని పంపించేయండి."

"ఆ రెండు ఓడల్లోనూ మనుషులున్నారు కదండీ. నేను లేకపోతే అవి అంగుళం కదలవు." పైలట్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి మంచుగడ్డలా ఉంది. "ఒక్క సాయం చేయండి. నా సంగతి గానీ, టగ్గుల సంగతి గానీ, ఆమె సంగతి గానీ ఎక్కడా రాయకండి. మీరు రాసింది పొద్దుగూకేలోగా పోర్టుకి చేరిపోతుంది. నేనే చెప్పానని తెలిసిపోతుంది."

"మరి పోర్టులో మీరేం చెప్తారు?"

"కెప్టెన్ భయపడి రానన్నాడని చెప్తాను. వెంటనే నమ్ముతారు."

వెళ్లేముందు పైలట్ ఇంకో ఏర్పాటు చేసుకున్నాడు. రేడియోలో గొంతు సరిగ్గా వినబడుతోందా అని ఓడలవాళ్లు ఒకళ్లనొకళ్లు అడుగుతూనే ఉంటారు, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఓడని బయటికి తెచ్చిన ప్రతిసారీ అలా అడుగుతానన్నాడు. తను బతికున్నట్టు భార్యకి తెలుస్తుంది. జవాబు మాత్రం కెప్టెనే చెప్పాలి. పోర్టువాళ్లు వింటుంటారు కాబట్టి ఆడగొంతు వినబడకూడదు.

భోజనాల గదిలో భార్యాభర్తలు ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలియదు. బావ అందర్నీ బయటికి తోలేసి తలుపు దగ్గర కాపలా నిలబడ్డాడు. పైలట్ నిచ్చెన దిగి వెళ్లిపోయాడు. ఆవిడ మాత్రం రిమోట్ గుండెకి హత్తుకుని కిటికీ దగ్గరే ఉండిపోయింది.

ఓడ వెనక్కి తిరిగిందో లేదో అద్దె కంపెనీ మేనేజరు ఫోన్ చేశాడు.

"ఏమిటిది కెప్టెన్? పైలట్ ఓడెక్కాక రానన్నారట!"

"పోర్టు క్షేమం కాదని నా నమ్మకం. ఇంకో పోర్టు పేరు చెప్పండి."

"నమ్మకం కాదండీ, ఆధారం చూపించండి. ఏం చూశారు? ఎవరు చెప్పారు?"

ఆ ఆధారమేమో కిందనున్న భోజనాల గదిలో కూర్చుని, చల్లారిపోయిన టీని తాగకుండా చూస్తోంది. ఒక్క మాట చెబితే చాలు, ఆఫీసులో ఇక ఎవరూ నవ్వరు. ఆ మాట కెప్టెన్ నాలుక చివరిదాకా వచ్చింది. 

"ఎవరూ చెప్పలేదు" అన్నాడు.

"మరి?"

"భయమేసింది."

అవతల నవ్వు. "అంటే మళ్లీ రివర్స్ గేరేనా?"

కెప్టెన్ చెవులు కాలిపోయాయి. "అవునండీ, రివర్స్ గేరే. అలాగే రాసుకోండి. భయపడ్డాడని రాసుకోండి. ఇంకో పోర్టు పేరు మాత్రం చెప్పండి" అన్నాడు. ఫోన్ పెట్టేసి అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. ఎప్పుడొచ్చాడో బావ వచ్చి, పక్కనే కూర్చున్నాడు.

ఇంకో పోర్టు తేలేదాకా ఓడ తీరానికి దూరంగా, రేడియో అందేంత దూరంలో ఆగింది. పొద్దు వాలుతుండగా లోపల చిక్కుకున్న రెండింటిలో మొదటి ఓడ బయటికొచ్చింది. బ్రిడ్జిలో రేడియో గరగరలాడింది. "రేడియో చెక్. ఎలా వినిపిస్తోంది?" అన్నాడు పైలట్, ఎవర్నో అడిగినట్టు మామూలుగా.

బ్రిడ్జిలోకి వచ్చి నిలబడ్డ పైలట్ భార్య స్వెట్టర్ చెయ్యి నోట్లో కుక్కుకుంది. "బాగా వినిపిస్తోంది" అన్నాడు కెప్టెన్. పైలట్ మళ్లీ బోటులోకి దిగి, పొగలోకి వెళ్లిపోయాడు.

తెల్లారాక పోర్టు మీదికి బాంబులతో డ్రోన్లొచ్చాయి. ఇంత దూరానికీ ఓడ అద్దాలు గలగలమన్నాయి. పొగ క్రేన్లని మింగేసింది. సరిగ్గా అప్పుడే కొత్త పోర్టు పేరు వచ్చింది, వెంటనే బయల్దేరమని. పనివాళ్లంతా డెక్ మీదికొచ్చి కెప్టెన్ వైపు చూస్తున్నారు. పోదాం పదండి సార్ అని ఎవరూ అనలేదు గానీ మొహాల నిండా అదే ఉంది. చీఫ్ ఆఫీసర్ మాత్రం వచ్చి, "సార్, నిన్నటి నించీ పైలట్ నిచ్చెన వేలాడుతూనే ఉంది. ఎత్తించేయమంటారా?" అని అడిగాడు.

"ఉండనీ" అన్నాడు కెప్టెన్.

ఆయనకీ పారిపోవాలనే ఉంది. అద్దం ముందుకెళ్తే ఈసారి గడ్డం బదులు గొంతే కోసుకుంటాడేమో. సొంత ఆఫీసు పెద్దాయన ఫోన్ చేసి, ఇంకా ఎందుకు కదల్లేదని నిలదీశాడు. కెప్టెన్ బావ వైపు చూశాడు.

బావ ఆ చూపు అందుకుని ఫోన్ లాక్కున్నాడు. "ఇంజన్‌లో చిన్న మరమ్మతు వచ్చిందండీ. లేదండీ, నా చేతుల్లో ఉంది, చూస్తున్నాను" అని పెట్టేశాడు. "నా ఇంజన్ గుండ్రాయిలా ఉందిరా. నీకోసం దానికి జలుబు తెప్పించాను. ఎంతసేపు కావాలి?"

"తెలీదు బావా."

"మీ అక్కకి తెలిస్తే ఇద్దర్నీ కలిపి చీరేస్తుంది" అన్నాడు బావ. అన్నాడే గానీ కదల్లేదు.

పోటు వచ్చింది. అది తీసే వేళ కూడా అయింది. రేడియోలో ఒట్టి గరగర. ఆవిడ కూర్చోదు, మంచినీళ్లు ముట్టదు. "చెల్లెమ్మా, కాస్త కూర్చో తల్లీ" అని బావ బతిమాలుతున్నాడు. కెప్టెన్ ఉండబట్టలేక తనే మైకు తీసి, "రేడియో చెక్, ఎలా వినిపిస్తోంది?" అన్నాడు. జవాబు లేదు. ఇంకోసారి అడిగాడు. లేదు.

అప్పుడు పొగలోంచి ఓడ ముక్కు కనబడింది. వెనక భాగం నల్లగా మాడిపోయి, ఓ పక్కకి ఒరిగి, నత్తనడక నడుస్తూ రెండో ఓడ బయటికొస్తోంది. దాని ముందు టగ్గు లేదు. పక్కన పైలట్ బోటూ లేదు.

రేడియో గరగరలాడింది. గొంతు బొంగురుపోయి ఉంది గానీ, ఆ గొంతే.

"బయటున్న ఓడకి. నేను పైలట్‌ని, ఈ ఓడలోనే ఉన్నాను. నన్ను దింపుకోవడానికి బోటు రాలేదు. బోటువాడు..." అని ఆగిపోయాడు. ఊపిరి మాత్రం వినబడుతోంది. "వాడిక రాడు. నేను వెనక్కి వెళ్లడానికి అక్కడేమీ లేదు. మీ నిచ్చెన దింపే ఉందా?"

నిచ్చెన దింపే ఉంది. పడవ దింపమని చీఫ్ ఆఫీసర్ అప్పటికే డెక్ మీద కేకలేస్తున్నాడు. కెప్టెన్ చెబుదామని మైకు ఎత్తి, ఆవిడ వైపు చూసి, ఆగాడు. 

"రేడియో చెక్" అంది ఆ గొంతు, ఈసారి భయంభయంగా. "ఎలా వినిపిస్తోంది?"

కెప్టెన్ మైకు ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ దాని వైపు చూసింది, ఆయన వైపు చూసింది, మాట్లాడొచ్చా అన్నట్టు. ఆయన తలూపాడు.

"వినిపిస్తోంది" అంది. "వినిపిస్తోంది, వచ్చేయండి."